చిలకపచ్చ వత్తి

పొద్దున తొమ్మిదిన్నరకల్లా సీతాబాయి కిరసనాయిలు తొట్టి ముందు పీట వేసుకుని కూర్చుంది. ఎడమచేతిలో పిడికెడంత ఇనుప ముక్క, కుడిచేతిలో సగం అరిగిన బ్రష్షు. ముక్కను తొట్టిలో ముంచి, మూలమూలలా రుద్ది, పైకెత్తి వెలుతురులో తిప్పి చూసి, నచ్చకపోతే మళ్లీ ముంచుతోంది. ఇంట్లో అంట్ల మీద ఆమెకు ఇందులో నాలుగో వంతు ప్రేమ కూడా లేదని కూతురు పింకీ ఎప్పుడూ దెప్పుతుంటుంది. ఆ మాట నిజమే. అంట్లు మళ్లీ రాత్రికి మురికవుతాయి, వాటికి అంత మర్యాద అక్కర్లేదని సీతాబాయి అభిప్రాయం.

హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక సందులో ఉన్న ఈ గ్యారేజీలో ఇరవై రెండేళ్లుగా ఆమె పని ఇదొక్కటే. మెకానిక్కులు విప్పిన సామాను కడిగి, ఆరబెట్టి, వరుసగా పేర్చి ఇవ్వడం. ఆ పనికి ప్రత్యేకంగా పేరేమీ లేదు. ఏం చేస్తావని ఎవరైనా అడిగితే "కార్లు కడుగుత. అందరు బయట కడుగుతరు, నేను లోపల కడుగుత" అంటుంది. మనిషి పొట్టి, గట్టి. ముక్కుకు రెండువైపులా పుడకలు. చీర మీద గ్యారేజీ పేరున్న నీలం మగవాళ్ల చొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు. అరచేతుల గీతల్లో నల్లటి నూనె ఎంత లోతుకు ఇంకిపోయిందంటే, చెయ్యి చూసి జాతకం చెప్పేవాడికి ఆమె దగ్గర పని చాలా తేలిక.

ఆమెకంటూ ఒక పద్ధతి ఉంది. నూనె వెళ్లే సన్నగొట్టాల్ని కడిగాక, దుమ్ము పడకుండా వాటి మూతుల్లో పాత చీర గుడ్డను దీపం వత్తిలా పేని దోపుతుంది. బయటికి వేలెడు తోక ఉంచుతుంది. బిగించేటప్పుడు మెకానిక్కు తోక పట్టి లాగేసి, వత్తిని పక్కనున్న రేకు డబ్బాలో వేయాలి. సాయంత్రం ఆమె డబ్బా బోర్లించి లెక్క చూసుకుంటుంది. ఎన్ని దోపిందో అన్నీ తిరిగి రావాలి. ఒకటి తగ్గినా ఎవరినీ ఇంటికి వెళ్లనివ్వదు. ఈ పద్ధతి ఎవరూ నేర్పింది కాదు, ఆమె సొంతం. అందుకే దాని మీద కాస్త గర్వం కూడా ఉంది.

ఆవేళ ఆమె మనసు ఉత్సాహంగా ఉంది. కారణం, వచ్చీరాగానే రామచంద్రం చెప్పిన ఒక మాట.

రామచంద్రం ఆ గ్యారేజీలో పెద్ద మెకానిక్. అరవై ఒకటి. పొడుగ్గా, కొంచెం వంగి, ఎప్పుడూ దేన్నో చెవి ఒగ్గి వింటున్నట్టు నిలబడతాడు. యజమాని ఓంకార్‌తో సహా అందరికీ ఆయన ఉస్తాద్. సీతాబాయికి మాత్రం అన్న. బాచుపల్లిలో మోటారు పని నేర్పే శిక్షణ కేంద్రం వాళ్లు, సోమవారం నుంచి వచ్చి పిల్లలకు పని నేర్పమని నెల రోజులుగా ఆయన వెంటపడుతున్నారు. కుర్చీలో కూర్చుని చెప్పే పని. కార్ల కింద దూరే బాధ లేదు. ఆయన భార్య భ్రమరాంబ అప్పుడే రెండు తెల్ల చొక్కాలు కూడా కుట్టించింది. ఈ సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి.

"నేను పోతలేను చెల్లె" అన్నాడు పొద్దున, టిఫిన్ డబ్బా కొక్కేనికి తగిలిస్తూ.

"ఏమైందన్నా? తెల్ల అంగీలు కుట్టిచ్చిన్రు కదా."

"అంగీలు ఉన్నయి. చేతులు లేవు."

అంతే చెప్పి నీలం కారు వైపు వెళ్లిపోయాడు.

ఆ నీలం కారే ఆయన బాధంతా. రెండు తలుపులది, నేలకు ఆనుకుని ఉంటుంది, కాలు నొక్కితే చాలు ఉరుకుతుంది. కావ్య అనే ప్రొద్దుటూరు అమ్మాయిది. హైటెక్ సిటీలో ఉద్యోగం. ఆదివారం తెల్లవారుజామున అనంతగిరి కొండల దాకా వెళ్లి రావడం ఆ పిల్లకు పండగ. నెల కిందట దాని టర్బో పోతే రామచంద్రమే కొత్తది వేశాడు. టర్బో అంటే పెద్ద నత్తగుల్ల ఆకారం ఉన్న ఇనుప డొప్ప. ఇంజన్ వదిలే పొగ తోసే తోపుకు లోపలి చక్రం నిమిషానికి లక్ష చుట్లు పైగా తిరిగి, ఇంజన్‌కు గాలి ఎక్కిస్తుంది. అంత తిరిగే ఇరుసుకు ఆధారం చుట్టూ ఉన్న పల్చటి నూనె పొర ఒక్కటే. అది తగ్గితే ఇరుసు అరిగిపోతుంది. ఆ కొత్తది మూడు వారాలు తిరగకుండానే నీలిపొగ కక్కి, నాలుగు రోజుల కిందట దుర్గం చెరువు వంతెన మీద ఆగింది. లారీ మీద వేసుకుని తీసుకొచ్చారు.

రామచంద్రం చేసిన పని తిరిగి రావడం అదే మొదటిసారి. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కటి కూడా రాలేదు.

ఓంకార్‌కు అదేం పెద్ద విషయం కాదు. "మాల్ ఖరాబ్ వచ్చింది ఉస్తాద్. పంపినోని మీదికి నూకేద్దాం, ఇంకోటి ఇస్తడు. నువ్వెందుకు పరేషాన్ అయితున్నవ్?" అన్నాడు. ఇంకోటి వచ్చింది కూడా, అట్టపెట్టెలో. కానీ రామచంద్రం ఒప్పుకోలేదు. పాత టర్బోను విప్పి, అరిగిన ఇరుసును బొటనవేలితో కదిపి చూసి, "దీనికి నూనె అందలే. సామాను మంచిదే. నేనే ఏడనో తప్పు చేసిన, ఏడనో తెలుస్తలేదు" అన్నాడు. తెలియకపోవడమే ఆయన్ను తినేస్తోంది. తప్పు ఎక్కడ చేశాడో తెలియనివాడు పిల్లలకు ఏం నేర్పుతాడు అన్నది ఆయన వాదన.

సీతాబాయికి ఆయన బాధ చూస్తే జాలేసింది. ఆయన వెళ్లడని తెలిసి అంతకంటే ఎక్కువ సంతోషమేసింది. ఇందులో దాచుకోవడానికి ఏమీ లేదు. ఇరవై రెండేళ్లుగా మధ్యాహ్నం ఒంటిగంటకు ఆమె జొన్నరొట్టె, ఆయన కూర కలిసే తిన్నారు. భర్త పోయిన ఏడాది, పనిలోకి తిరిగొచ్చిన మొదటిరోజున ఆమెతో ఓదార్పు మాటలు మాట్లాడకుండా, ఒక గేర్ల పెట్టె తెచ్చి ముందు పడేసి "జల్ది కడుగు, అర్జెంటున్నది" అని కసిరిన మనిషి ఆయన. ఆ కసురు ఆమెకు ఎంత మేలు చేసిందో ఆమెకే తెలుసు. ఆ పెట్టెకు అర్జెంటేమీ లేదని తర్వాత తెలిసింది.

పదకొండు దాటాక నీలం కారు సామాను ఆమె తొట్టి దగ్గరికి వచ్చింది. గాలి గొట్టాల నిండా నల్లటి నూనె. పాడైన టర్బో కక్కిందంతా అక్కడే చేరింది. ఒక్కోటీ కడిగింది. చివరగా టర్బోకు నూనె మోసుకెళ్లే సన్నగొట్టం మిగిలింది. చిటికెన వేలంత లావు, రెండు చోట్ల వంపు. ఒక కొసన కంప్రెసర్ గాలి పెట్టింది. రెండో కొస నుంచి గాలి వచ్చింది కానీ, నీరసంగా వచ్చింది. మళ్లీ పెట్టింది. అదే నీరసం. సన్నటి ఇనుప తీగ తీసుకుని, కొస కొక్కెంలా వంచి, లోపలికి పంపి తిప్పింది.

ఏదో తగిలింది. మెల్లగా లాగింది.

తీగ చివర అంగుళం పొడవున్న గుడ్డ ముక్క వచ్చింది. నూనెలో నాని నల్లబడింది. కిరసనాయిల్లో ఒకసారి ముంచేసరికి రంగు తేలింది. చిలకపచ్చ.

ఆ చీర సీతాబాయిదే. పింకీ పెళ్లినాటిది. ఉతికి ఉతికి దూదిలా మెత్తబడితే నెల కిందటే చింపి వత్తులు చేసింది. మెత్తగా ఉంది, దుమ్మును బాగా ఆపుతుంది అనుకుంది. మరీ మెత్తబడ్డ గుడ్డ లాగితే తెగుతుందని అనుకోలేదు. రామచంద్రం తోక పట్టి లాగాడు, తోక వచ్చింది. లోపలి ముక్క లోపలే ఉండిపోయింది. ఆ సాయంత్రం ఆమె డబ్బా బోర్లించి లెక్కపెట్టింది కూడా. లెక్క సరిపోయింది. ఒక వత్తి పొట్టిగా ఉండడం చూసింది, చూసి ఊరుకుంది. ఇన్నేళ్లుగా లెక్కే చూసుకుంది తప్ప పొడవు చూడాలన్న ఆలోచన ఆమెకు ఏనాడూ రాలేదు.

అటూ ఇటూ చూసింది. ఓంకార్ ఫోన్లో ఉన్నాడు. రామచంద్రం కారు కింద ఉన్నాడు, కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. ఆమె ఆ ముక్కను చొక్కా జేబులో వేసుకుంది.

తర్వాతి రెండు గంటలు ఆమె జీవితంలో అంత హాయిగా గడవలేదు. నోరు మూసుకుంటే ఎవరికీ నష్టం లేదు. కొత్త టర్బో వేస్తారు, గొట్టం శుభ్రమైంది, ఈసారి నిలుస్తుంది. ఓంకార్ నింద అవతలివాడి మీద వేస్తాడు. ఆమె పనికి ఢోకా ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, అన్న ఎక్కడికీ పోడు. చెబితే ఆయనకు తన చేతుల మీద నమ్మకం తిరిగొస్తుంది, వచ్చిన మరుక్షణం బాచుపల్లి బస్సెక్కుతాడు. ఇంత స్పష్టంగా లెక్క తేలుతుంటే ఇంకా ఆలోచన దేనికో ఆమెకే అర్థం కాలేదు. తోమిన ముక్కనే మూడుసార్లు తోమింది.

ఒంటిగంటకు ఇద్దరూ గోడ నీడలో కూర్చున్నారు. భ్రమరాంబ గోంగూర పప్పు పంపింది. రామచంద్రం రొట్టె తుంచి, తినకుండా చేతిలో పెట్టుకుని, రెండో అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. వేళ్లు చాపాడు, ముడిచాడు. వణుకుతున్నాయేమో చూసుకుంటున్నాడని సీతాబాయికి అర్థమైంది. అవి వణకడం లేదు. అసలెప్పుడూ వణకలేదు.

ఇక ఆమె వల్ల కాలేదు. జేబులోంచి ముక్క తీసి ఆయన గిన్నె మూత మీద పెట్టింది.

"ఏందిది?"

"నా చీర ముక్క. గా సన్నగొట్టంల ఉన్నది. పొద్దుగాల దొరికింది. నీ చేతులకు ఏం కాలె అన్నా. తప్పు నాది. గుడ్డ మెత్తగైంది, నువ్వు గుంజంగనే తెగింది." గుక్క తిప్పుకోకుండా చెప్పేసి, "తిట్టు. గట్టిగ తిట్టు. లేకుంటె నాకు రొట్టె దిగదు" అంది.

రామచంద్రం ముక్కను వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు చూశాడు. నులిమి చూశాడు, వాసన చూశాడు. తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడనుకుని సీతాబాయి భయపడింది. ఆయన నవ్వుతున్నాడు.

"నాలుగు రోజుల సంది నిద్ర లేదు నాకు. ఇంట్ల దేవుని పటాలకు కూడ జవాబు చెప్పలేక తిప్పలు పడుతున్న. గింత గుడ్డ పీలికనా!"

"నవ్వుతవేందన్నా? తప్పు నాది అంటున్న కదా."

"నీదెట్ల? గుంజినోన్ని నేను. గుంజినంక కొస సూడాలె. తెగిందో, నిండుగ వచ్చిందో సూడాలె. నాదే."

"గుడ్డ నాది. వత్తి నేను చేసిన. పొట్టిగున్నదని సూసి గూడ మాట్లాడలె. నాదే."

"పోవే. ఉస్తాద్ నేనా నువ్వా?"

హోటల్లో బిల్లు నేనిస్తానంటే నేనిస్తానని చుట్టాలు కొట్లాడుకున్నట్టు ఇద్దరూ నింద కోసం కొట్లాడుకున్నారు. గొంతులు పెరిగేసరికి ఓంకార్ వచ్చాడు. సంగతి విని తల పట్టుకున్నాడు.

"మీకు దండం పెడుత. కావ్య మేడం నాలుగింటికి వస్తది. ఇద్దరు నోరు మూసుకోండ్రి. మాల్ ఖరాబ్ అని నేను జెప్త."

"వద్దు సేటూ" అంది సీతాబాయి. "మంచిగున్నదాన్ని ఖరాబ్ అంటె పాపం. నేనే జెప్త. పనిల కెల్లి తీసేస్తె తీసెయ్యి."

"నిన్ను తీసేస్తె ఈయన నన్ను తీసేస్తడు" అని ఓంకార్ ఫోన్ మోగితే అటు వెళ్లిపోయాడు.

రామచంద్రం చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, ఫోన్ తీశాడు. శిక్షణ కేంద్రం దినేశ్ సారుకు చేశాడు. "సోమవారం వస్త సార్" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన వంగిన వీపు కొంచెం నిటారైంది. సీతాబాయికి సంతోషమేసింది, వెంటనే దిగులేసింది. ఆ రెండూ ఒకేసారి రావడం ఆమెకు కొత్త కాబట్టి, గిన్నెలు కడిగే వంకతో పంపు దగ్గరికి పోయింది.

మధ్యాహ్నమంతా కొత్త టర్బో బిగింపు. పొద్దుటి దాకా నీరసంగా కదిలిన మనిషి ఇప్పుడు ఈల వేస్తూ కారు చుట్టూ తిరుగుతున్నాడు. బిగించే ముందు సన్నగొట్టాన్ని తెచ్చి సీతాబాయి చేతిలోనే పెట్టి, "నువ్వు సూసి ఇయ్యి" అన్నాడు. ఆమె గాలి పెట్టింది. అవతలి కొస నుంచి గాలి రివ్వున వచ్చి ఆమె కొంగును ఎగరగొట్టింది. చూసి ఇచ్చింది.

టర్బోను పొడిగా తిప్పకూడదు. ముందే లోపల నూనె నింపాలి. దానికి రామచంద్రం దగ్గర ఒక ఇత్తడి నూనె డబ్బా ఉంది. జానెడు పొడుగు ముక్కు, అడుగు నొక్కితే టిక్కుమని ఒక్కో చుక్క రాలుతుంది. ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ ఇచ్చింది. గ్యారేజీలో ప్రతి వస్తువునూ కడిగిన సీతాబాయి ఇరవై రెండేళ్లలో దాన్ని మాత్రం కడగలేదు, ఆయన ముట్టనివ్వడు. ఇప్పుడూ చెయ్యి చాపితే "ఊహు" అని పక్కకు లాక్కున్నాడు. టిక్కు, టిక్కు అని చుక్కచుక్కగా పోస్తూ, రెండో చేత్తో చక్రాన్ని మెల్లగా తిప్పుతూ, పసిపిల్లకు పాలు పట్టే ఓపికతో నింపాడు. తర్వాత ఇంజన్ అంటుకోకుండా పెట్రోలు ఆపి, తాళం తిప్పించి, నూనె సన్నగొట్టం రెండో కొస నుంచి కారేదాకా చూశాడు. అప్పుడు గాని ఆ కొసను టర్బోకు బిగించలేదు.

కావ్య నాలుగు దాటాక వచ్చింది. శనివారం కూడా ఆఫీసుకు వెళ్లొచ్చినట్టుంది, మెడలో ఐడీ కార్డు ఇంకా ఊగుతోంది.

"ఏం పెద్దాయనా, ఈసారన్నా నిలబడుతుందా?"

రామచంద్రం నోరు తెరిచేలోగా సీతాబాయి ముందుకొచ్చి నిలబడింది. చీర దగ్గర్నుంచి వత్తి పొడవు దాకా అంతా చెప్పింది. మధ్యలో రామచంద్రం "గుంజినోన్ని నేను మేడం" అని రెండుసార్లు అడ్డొచ్చాడు. ఓంకార్ ఆకాశంలోకి చూస్తున్నాడు.

కావ్య ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "వంతెన మీద మూడు గంటలు నిలబడుకున్యా నేను. వెనకుండే వాళ్లంతా హారన్లు కొడతాంటే ఏడుపొచ్చింది" అంది. సీతాబాయి తల దించుకుంది. "కోపం ఉంది, లేదని చెప్పను. అయితే ఒకటి పెద్దమ్మా. మా ఆఫీసులో ఏదన్నా చెడిపోతే, ఎవురు చేసినారో కనుక్కునేదానికి వారం మీటింగులు పెడతాం. ఎవురూ ఒప్పుకోరు. మీరేందో నాది అంటే నాది అని లాక్కుంటాండారు." ఆమెకు నవ్వొచ్చేసింది. "సరే, రాండి. తోలి చూస్తాము. నువ్వు ముందు కూర్చో."

"నేనా? వద్దమ్మా, బట్టలల్ల కిరసనాయిలు వాసన."

"నాకు పెట్రోలు వాసన అలవాటేలే."

సీతాబాయి సీటు మీద పేపరు పరిచి కూర్చుంది. ఇన్నేళ్లలో ఆమె కడగని కారు భాగం లేదు, కూర్చున్న కారు మాత్రం ఇదే మొదటిది. వెనక సీటు పేరుకే సీటు. అందులో రామచంద్రం మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ముడుచుకున్నాడు. కొండాపూర్ దాటి కొత్తగూడ ఫ్లైఓవర్ ఎక్కేదాకా కావ్య మెత్తగా తోలింది. శనివారం కాబట్టి దారి కొంత ఖాళీ. రెండు వైపులా అద్దాల మేడలు సాయంత్రపు ఎండకు ధగధగలాడుతున్నాయి.

"గక్కడ సీతాఫలాలు తెంపేటోళ్లం" అంది సీతాబాయి, ఇరవై అంతస్తుల మేడను చూపించి. "పదహారో అంతస్తు ఎత్తు దాక ఉంటుండెనేమో, పెద్ద రాతిగుండు." కావ్య పకపకా నవ్వింది.

"ఇగ తొక్కు" అన్నాడు వెనక నుంచి రామచంద్రం.

కావ్య తొక్కింది. ముందు సన్నటి ఈల ఒకటి ఇంజన్ లోపల ఎక్కడో పుట్టి, పైకి పైకి పాకింది. ఆ వెంటనే ఎవరో రెండు చేతులతో ఛాతీ మీద తోసినట్టు సీతాబాయి సీటుకు అంటుకుపోయింది. "ఓ యవ్వో!" అని కేక పెట్టింది. మేడలన్నీ వెనక్కి పారిపోయాయి. కేక సగంలోనే నవ్వయిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగేంత నవ్వు.

"ఇంకోపారి! ఇంకోపారి తొక్కమ్మా!"

రామచంద్రం కళ్లు మూసుకుని ఆ ఈలనే వింటున్నాడు. పొగ లేదు, గరగర లేదు. "సాఫ్" అన్నాడు. అంతకు మించి మెచ్చుకోవడం ఆయనకు రాదు.

దుర్గం చెరువు వంతెన మీద కావ్య కావాలనే ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ రెండుసార్లు తిప్పింది. పాత కసి తీర్చుకుంది. తిరిగొచ్చి ఇద్దర్నీ గ్యారేజీ ముందు దించి, సీతాబాయి తను పరిచిన పేపరు మడిచి తీసేస్తుంటే "ఉండనీ పెద్దమ్మా" అని, చెయ్యి ఊపి వెళ్లిపోయింది. నీలం కారు సందు మలుపు తిరిగాక కూడా ఆ ఈల కాసేపు వినబడింది.

ఆరు కావస్తోంది. సీతాబాయి పంపు దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటోంది. స్టేషన్లోకి బండి వస్తున్న చప్పుడు. వెనక నుంచి రామచంద్రం గొంతు, రోజూ పలికినట్టే పలికింది.

"పోయొస్త చెల్లె."

"మంచిదన్నా" అంది ఆమె, రోజూ అన్నట్టే, తల ఎత్తకుండా. ఎత్తితే ఏమవుతుందో తెలుసు. సబ్బు నురుగు తెల్లగా ఉన్నా అరచేతి గీతలు నల్లగానే ఉన్నాయి. చేతులు తుడుచుకుని వెనక్కి తిరిగేసరికి సందు ఖాళీగా ఉంది. కొక్కేనికి టిఫిన్ డబ్బా లేదు. బండి కూత వేసి కదిలింది. సీతాబాయి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడ్చింది కొంచెమే. పోవలసిన చోటికే పోయాడు, తలెత్తుకుని పోయాడు, తనే పంపింది.

తొట్టి మీద రేకు మూసి, పీట లోపల పెట్టడానికి వంగింది. పీట మీద ఆయన పెట్టిపోయిన ఆ ఇత్తడి నూనె డబ్బా ఉంది. తుడవలేదు, కడగలేదు. పొడుగాటి ముక్కు చివర ఒక్క నూనె చుక్క ఉబ్బి, జారకుండా అలాగే నిలబడి ఉంది.